ఇంటి వెనక ముదురు చెట్టు: నెత్తి కొట్టించాలా, తీసేయాలా, ఉంచుకోవాలా?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. కొత్తగా తీసుకున్న ఇంటి వెనక 40 ఏళ్లు దాటిన పెద్ద చెట్టుంది. రొమ్ము ఎత్తులో మాను చుట్టుకొలత 2 మీటర్లు. 3 మీటర్ల పైన పంగ దగ్గర రెండు సమానమైన బోదెలుగా చీలింది. ఇంటి కప్పు మీదకు వచ్చిన కొమ్మ ఒకటి ఎండిపోయింది. మాను అడుగున చెక్కలా గట్టిగా ఉన్న పుట్టగొడుగు ఒకటి వచ్చింది. పక్కింటివాళ్లు "పై సగం కొట్టించేయండి, మళ్లీ చిగురిస్తుంది" అంటున్నారు. మీరేమో చెట్టు చుట్టూ మట్టి తీయించి పలకలు పరిపిద్దామనుకుంటున్నారు.

ఎండుకొమ్మ వెంటనే తీయించండి, అందులో ఆలోచించడానికేమీ లేదు. పై సగం కొట్టించొద్దు. పలకల పని ఆపేయండి. పుట్టగొడుగు సంగతి తేలేదాకా చెట్టు మీద ఇంకే ఖర్చూ పెట్టకండి. అందరి చూపూ పైన కొమ్మల మీదే ఉంటుంది గానీ, ఇంత వయసున్న చెట్టు నిలబడుతుందా పడుతుందా అన్నది నేల నుంచి మీటరు ఎత్తు లోపల, నేల కింద అర మీటరు లోతు లోపల తేలే విషయం. మొదలు పుచ్చిపోయి ఉంటే పైన ఎంత బాగా కత్తిరించినా డబ్బు దండగే. అందుకే కింద నుంచి పైకి వెళ్దాం. చెట్టు ఏ జాతో మీరు రాయలేదు కాబట్టి అన్నిటికీ వర్తించేదే చెబుతున్నాను, జాతిని బట్టి మారేచోట ఆ మాట అంటాను.

ముందు ఆ పుట్టగొడుగు

దాన్ని పీకేయకండి. పీకితే పోయేదేమీ లేదు, ఉన్న ఆధారం మాత్రం పోతుంది. మీకు కనిపిస్తున్నది శిలీంధ్రం కాసిన కాయ లాంటిది, అసలు శిలీంధ్రం చెక్క లోపల ఏళ్ల తరబడి పాకి ఉంటుంది. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి కొలత రాసుకోండి. పైభాగం గోధుమరంగులో గట్టి పెంకులా, అడుగుభాగం తెల్లగా సన్నటి రంధ్రాలతో ఉండి, ఆ తెలుపు మీద గోటితో గీస్తే గీత గోధుమరంగుకు తిరిగితే, కింద ఆకుల మీద కోకో పొడి లాంటి ధూళి పడి ఉంటే, అది గానోడెర్మా జాతిది అయ్యే అవకాశం ఎక్కువ. ఈ జాతి వేళ్ల మొదళ్లనీ మాను అడుగునీ తింటుంది. పైన ఆకులు పచ్చగా నిగనిగలాడుతుండగానే కింద పట్టు సడలిపోతుంది. "ఆకులు బాగానే ఉన్నాయి కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు: నీళ్లు మోసేది బెరడు పక్కనున్న బయటి చెక్క, పుచ్చేది చాలాసార్లు లోపలి చేవ. నీటి సరఫరా ఆగకుండానే బలం పోవచ్చు.

అలా కాకుండా మానుకు దూరంగా, మట్టిలోంచి మెత్తటి గొడుగులు వానకు లేచి రెండు రోజుల్లో వాడిపోతుంటే కంగారు పడాల్సిన పని లేదు. వాటిలో చాలా భాగం ఆకుతుక్కు మీద బతికేవి, కొన్నయితే వేళ్లతో కలిసి చెట్టుకు మేలు చేసేవి.

తర్వాత సుత్తి పరీక్ష. కొయ్య సుత్తి గానీ గట్టి రబ్బరు సుత్తి గానీ తీసుకుని, మొదలు చుట్టూ జానెడుకొక దెబ్బ చొప్పున నేల మట్టంలో ఒక వరస, మోకాలి ఎత్తులో ఒక వరస, ఛాతీ ఎత్తులో ఒక వరస కొట్టండి. గట్టి చెక్క టక్కుమని తిరిగి కొడుతుంది. డొల్ల చోట బొబ్బుమని లోతుగా మోగుతుంది. అలా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒక జాగ్రత్త: బెరడు చెక్కను వదిలి పొరలా లేచినా ఇలాగే మోగుతుంది. కాబట్టి ఆ చోట బెరడును వేలితో నొక్కి చూడండి. పగుళ్లూ తొర్రలూ ఉంటే పెన్సిల్ కన్నా సన్నటి ఇనుప చువ్వను మెల్లగా దించి, ఎంత లోతుకు పోయిందో రాసుకోండి. వేళ్లు మానుతో కలిసే మడతల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. పుచ్చు మొదట దాక్కునేది అక్కడే.

డొల్ల ఉందంటే పడిపోతుందని కాదు. గొట్టం లాగా చుట్టూ గట్టి గోడ మిగిలితే చెట్టు దశాబ్దాలు నిలబడుతుంది. వృత్తిలో ఉన్నవాళ్లు మోటుగా వాడే లెక్క ఒకటుంది. జర్మనీ పరిశోధకుడు క్లాస్ మాథెక్ విరిగిన, నిలబడిన చెట్లను కొలిచి తేల్చింది అది: మిగిలిన గట్టి గోడ మందం, మాను వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు ఉండాలి. మీ చెట్టు చుట్టుకొలత 200 సెంటీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 64, వ్యాసార్ధం 32. కనుక గోడ చుట్టూరా 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇది గోడ అన్ని వైపులా మూసుకుని ఉన్నప్పటి మాట. ఒక పక్క తొర్ర నోరు తెరుచుకుని ఉంటే ఈ లెక్క మీద ఆధారపడొద్దు, అప్పుడు బలం ఇంకా తక్కువ. పైగా ఇది మానుకే వర్తిస్తుంది, పుచ్చిన వేళ్ల గురించి ఏమీ చెప్పదు.

సుత్తికి రెండు మూడు చోట్ల డొల్ల తగిలితే పరికరాలున్న ఆర్బరిస్టును, అంటే చెట్ల సంరక్షణ నిపుణుణ్ని, పిలవాల్సిందే. రెసిస్టోగ్రాఫ్ అనే యంత్రం సన్నటి సూది డ్రిల్లును చెక్కలోకి దించి, ఎక్కడ ఎంత నిరోధం వచ్చిందో గీత గీస్తుంది. సోనిక్ టోమోగ్రఫీలో మాను చుట్టూ సెన్సర్లు బిగించి శబ్దం ఎంత వేగంగా దాటుతుందో కొలిచి అడ్డకోత చిత్రం తయారుచేస్తారు. రెండూ ఖరీదైనవే. సుత్తి, చువ్వ, కళ్లు చెప్పగలిగింది చెప్పాకే వాటి అవసరం. వచ్చీ రాగానే యంత్రం బయటికి తీసేవాళ్ల కన్నా, అరగంట చెట్టు చుట్టూ తిరిగి మోకాళ్ల మీద కూర్చుని మొదలు చూసేవాళ్లే నయం.

అదే సమయంలో నేలను కూడా చూడండి. చెట్టు ఒరిగి ఉందా అన్నదాని కన్నా ఎప్పుడు ఒరిగింది అన్నది ముఖ్యం. చిన్నప్పుడే ఒరిగిన చెట్టు పైన మళ్లీ నిటారుగా తిరిగి విల్లులా వంపు తేలి ఉంటుంది. అది పాత ఒరుగు, దానికి తగ్గ చెక్క వేసుకుని ఉంటుంది. అడుగు నుంచి చివరి దాకా కర్రలా తిన్నగా ఒరిగి, ఒరుగుకు ఎదుటి వైపు నేల ఉబ్బి లేదా చంద్రవంకలా పగిలి ఉంటే అది కొత్తది. అలా కనిపిస్తే పరీక్షలూ వాయిదాలూ లేవు, చెట్టు ఒరిగిన వైపు మనుషుల్నీ వాహనాల్నీ తప్పించి ఆ రోజే నిపుణుణ్ని పిలవండి.

ప్రమాదం అంటే చెట్టు ఒక్కటే కాదు. ఏ భాగం విరిగే అవకాశం ఎంత, విరిగితే ఎవరి మీదైనా దేని మీదైనా పడే అవకాశం ఎంత, పడితే నష్టం ఎంత అన్న మూడూ కలిపి చూడాలి. కొమ్మ కింద ఊయల ఉంటే ఊయలను అవతలికి మార్చడం కూడా చెట్టుకు చేసే వైద్యమే. రంపం పెట్టకుండానే ప్రమాదం తగ్గుతుంది.

పంగ

రెండు బోదెలు సమానంగా పెరిగినచోట పంగ ఆకారం చూడండి. మధ్యలో U లా వెడల్పుగా ఉండి, పైన బెరడు గట్టులా లేచి ఉంటే రెండు బోదెల చెక్కా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉందన్నమాట, అది మంచిది. V లా ఇరుకుగా ఉండి బెరడు లోపలికి ముడుచుకుపోయి ఉంటే, పైకి కలిసినట్టు కనిపిస్తున్నా లోపల బెరడును బెరడు తాకుతోందే గానీ చెక్కకు చెక్క కలవలేదు. రెండు బోదెలూ లావెక్కే కొద్దీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పంగకు రెండు పక్కలా చెవుల్లా ఉబ్బెత్తులు రావడం, సన్నటి నిలువు పగులు, పగులు వెంట నల్లటి కారుడు మరక, ఇవి కనిపిస్తే గాలివానకు అది చీలే చోటని గుర్తు.

దీనికి పాత పద్ధతి ఇనుప తీగతో రెండిటినీ చుట్టి బిగించడం. అది చెట్టును మెల్లగా చంపుతుంది. బోదె లావెక్కగానే తీగ బెరడులోకి కోసుకుపోతుంది, కింది వైపు ఆహారం పోయే దారి తెగిపోతుంది, చివరికి తీగ ఉన్నచోటే విరుగుతుంది. సరైన పద్ధతుల్లో ఒకటి, బోదెలకు ఆరపార రంధ్రం వేసి బోల్టులు దించి, వాటి మధ్య స్టీలు కేబుల్ కట్టడం. రెండోది, గుండ్రటి వెడల్పు పట్టీలున్న సింథటిక్ తాడు. ఏదైనా పంగ నుంచి చివరికి ఉన్న ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల ఎత్తున కట్టాలి. పంగకు దగ్గరగా కడితే లాగే బలం చాలదు. సింథటిక్ తాడు కొంచెం వదులుగా ఉండాలి, మామూలు గాలికి ఊగనివ్వాలి. ఊగితేనే చెట్టు బలమైన చెక్క వేసుకుంటుంది. కట్టాక ఏడాదికొకసారి కింద నుంచి బైనాక్యులర్‌తోనైనా చూడాలి, తయారీదారు చెప్పిన గడువు దాటితే తాడు మార్చాలి. ఇవేవీ మీరు చేసుకునే పనులు కావు.

కేబుల్‌తో పాటు రెండు బోదెల చివర్లను కొద్దిగా తగ్గిస్తే మీటగా పనిచేసే పొడవు తగ్గి, పంగ మీద భారం బాగా దిగుతుంది. ఈ చిన్న కత్తిరింపును చాలామంది మరిచిపోతారు.

"పై సగం కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది"

చిగురిస్తుంది, నిజమే. అసలు చిక్కు అదే. ఆకులన్నీ ఒక్కసారి పోయాక చెట్టు నిల్వ ఉంచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టి, కోసిన చోట్ల బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలను లేపుతుంది. వాటి నుంచి వచ్చే నీటి రెమ్మలు నిటారుగా, గుంపుగా, విపరీతమైన వేగంతో పెరుగుతాయి. సహజంగా పుట్టిన కొమ్మ మొదలు మాను చెక్కలోకి లోతుగా పాతుకుని ఉంటుంది. ఈ రెమ్మలు పై పొరల్లో మాత్రమే అంటుకుని ఉంటాయి. ఆ లోగా కోసిన మోడు పైనుంచి పుచ్చడం మొదలవుతుంది. కొన్నేళ్లకు మీకు దొరికేది అదే ఎత్తు చెట్టు, కాకపోతే పుచ్చిన మోడు మీద బరువైన కొమ్మలు అతికించినట్టుంటుంది. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడుకు ఒక్కసారి ఎండ తగిలి చిట్లుతుంది కూడా. ముదురు చెట్టయితే నిల్వలు చాలక కొన్ని అసలు చిగురించవు.

గాయం సంగతి అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. మన చర్మం మానినట్టు చెట్టు చెక్క మానదు. దెబ్బతిన్న చెక్కను అది మార్చుకోలేదు. చుట్టూ గోడలు కట్టి పుచ్చు పాకకుండా అడ్డుకుని, బయట కొత్త చెక్క వేసుకుంటూ పోతుంది. అమెరికా అటవీ సర్వీసులో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ గోడల సిద్ధాంతాన్ని స్థిరపరిచాడు. గోడ కట్టడానికి చెట్టుకు శక్తి కావాలి, శక్తి ఆకుల నుంచి రావాలి. ఆకులు తీసేసి గాయాలు పెంచడమంటే రెండు వైపులా దెబ్బకొట్టడమే.

అందుకే ఎంత కత్తిరించాలన్నదానికి హద్దుంది. పడుచు చెట్టు ఒక ఏడాదిలో నాలుగో వంతు ఆకు పోయినా తట్టుకుంటుంది. ముదురు చెట్టుకు పదో వంతు దాటకపోవడం మంచిది, నీరసంగా ఉన్నదానికి ఎండుకొమ్మలు తప్ప ఏమీ తీయొద్దు. 10 సెంటీమీటర్ల కన్నా లావున్న పచ్చికొమ్మను కోయాలంటే గట్టి కారణం ఉండాలి. అంత లావులో చేవ బయటపడుతుంది, చేవలో బతికున్న కణాలు ఉండవు కాబట్టి అడ్డుగోడలు బలహీనంగా ఉంటాయి.

ఇంకో తప్పు కూడా ఎక్కువే కనిపిస్తుంది: "గాలి ఆడాలి" అని కొమ్మ లోపలి రెమ్మలన్నీ నున్నగా గీకేసి చివర్న కుచ్చు మాత్రం వదలడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ బరువూ గాలి దెబ్బా మొత్తం కొమ్మ కొసకు చేరి, కొమ్మ మధ్యలో విరుగుతుంది. లోపలి రెమ్మలు కొమ్మ ఊగుడును అదుపు చేస్తాయి, అవి దండగ కాదు.

చెట్టును నిజంగా చిన్నది చేయాల్సివస్తే, పొడుగు కొమ్మను పక్క కొమ్మ దాకా తగ్గించాలి. ఆ పక్క కొమ్మ, కోసిన దాని లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అప్పుడే అది కొత్త కొసగా పని అందుకుంటుంది. అంతకన్నా సన్నదయితే అది మోడు కొట్టినట్టే.

ఎండుకొమ్మ కోసే తీరు

కొమ్మ మానుతో కలిసేచోట చిన్న ఉబ్బు కనిపిస్తుంది, దాన్ని కాలర్ అంటారు. పై పంగలో బెరడు నల్లటి గట్టులా ముడతపడి ఉంటుంది. అడ్డుగోడ కట్టే ఏర్పాటంతా ఆ ఉబ్బులోనే ఉంది. మానుకు సమంగా నున్నగా కోస్తే అది పోతుంది. చేతి పొడవున మొండెం వదిలితే చెట్టు దాన్ని కప్పలేదు, మొండెం పుచ్చి లోపలికి దారి ఇస్తుంది. ఉబ్బుకు సరిగ్గా బయట కోయాలి. ఎండిన కొమ్మ చుట్టూ పచ్చి ఉబ్బు ఒక్కోసారి జానెడు దూరం పాకి ఉంటుంది. అప్పుడు పచ్చి ఎక్కడ ఆగిందో అక్కడే కోయాలి, పచ్చిలోకి రంపం పోకూడదు.

బరువైన కొమ్మను ఒక్క కోతతో దించితే కింద బెరడు నిలువునా చీలి మాను మీదకు ఊడి వస్తుంది. కాబట్టి మూడు కోతలు. మొదటిది మానుకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, కింది నుంచి పైకి, కొమ్మ మందంలో నాలుగో వంతు దాకా. రెండోది దానికి రెండు మూడు సెంటీమీటర్లు అవతల, పై నుంచి కిందికి. కొమ్మ విరిగి పడుతుంది, చీలిక మొదటి కోత దగ్గర ఆగుతుంది. మూడోది ఉబ్బుకు బయట, మిగిలిన మొండేన్ని చేత్తో పట్టుకుని మెల్లగా. కొమ్మ ఇంటి కప్పు మీద ఉంది కాబట్టి మీ విషయంలో రెండో కోత కన్నా ముందే తాడు కట్టి, పై కొమ్మకు వేసిన కప్పీ మీదుగా ముక్కలు ముక్కలుగా దించాలి. ఎండుకొమ్మకు తాడు కట్టినా బరువు మోసే ఆధారం మాత్రం పచ్చికొమ్మ మీదే ఉండాలి. నిచ్చెన మీద నిలబడి చైన్‌సా పట్టుకునే పని ఎవరూ చేయకూడదు: తెగిన కొమ్మ ఊగి నిచ్చెనను కొడుతుంది.

కోత మీద పెయింటు, తారు, పేడ ఏవీ పూయొద్దు. పుచ్చును ఆపవు. చాలాసార్లు తడిని లోపల పట్టి ఉంచుతాయి. కోతల ద్వారా పురుగులు ప్రాణాంతకమైన తెగులును మోసుకొచ్చే కొన్ని జాతులకు మాత్రమే మినహాయింపు, మీ చెట్టు ఆ జాతిదయితే స్థానిక నిపుణుడే చెబుతాడు. తొర్రలో సిమెంటు నింపడం కూడా ఒకప్పటి వైద్యం. చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, మధ్యలో రాపిడికి చెట్టు కట్టుకున్న గోడే చితుకుతుంది. తొర్రలో నీళ్లు నిలుస్తున్నాయని డ్రిల్లుతో రంధ్రం వేయడమూ అంతే, మంచి చెక్కలోకి పుచ్చుకు కొత్త దారి తీసినట్టు.

ఎండుకొమ్మకు కాలంతో పని లేదు. పచ్చికొమ్మలయితే కొత్త చిగురు వేసే రోజుల్లో, ఆకు రాల్చే రోజుల్లో ముట్టుకోవద్దు. రంపం ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. గూళ్లున్నాయేమో చూశాకే పైకి ఎక్కాలి.

పలకలు

మీరు అడిగిన అన్నిటిలో అసలు ప్రమాదం ఇదే. పుట్టగొడుగు ఏమీ చేయకపోయినా పలకలు చేయగలవు.

చెట్టుకు పైనెంత ఉందో కిందా అంత లోతుగా ఉంటుందనుకుంటారు. ఎక్కువ చెట్లకు వేళ్లలో చాలా భాగం పై 60 సెంటీమీటర్లలోనే ఉంటాయి, నీళ్లూ పోషకాలూ పీల్చే పీచువేళ్లయితే పై 30 సెంటీమీటర్లలో. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. కాపాడుకోవాల్సిన హద్దుకు ఒక లెక్క ఉంది: రొమ్ము ఎత్తులో మాను వ్యాసానికి 12 రెట్లు. మీ 64 సెంటీమీటర్ల మానుకు అది దాదాపు 7.7 మీటర్ల వ్యాసార్ధం. తాడు ఒక కొస మానుకు కట్టి, అంత దూరంలో సున్నంతో వృత్తం గీయండి. పెరడు మొత్తం ఆ వృత్తంలోనే ఉందని అప్పుడు కళ్లకు కడుతుంది.

పలకలకు మామూలుగా 15 నుంచి 20 సెంటీమీటర్ల మట్టి తీస్తారు, అంటే పీచువేళ్లలో సగానికి పైగా పారతో పోయినట్టే. తర్వాత కంకర పోసి రోలరుతో దిమ్మిస చేస్తారు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండే ఖాళీలు మూసుకుపోతాయి, వేరుకు ఊపిరాడదు, నీరు దిగదు. పైన సిమెంటు పడితే దాని సున్నం మట్టి గుణాన్ని కూడా మారుస్తుంది, ఇనుము అందక కొన్ని చెట్ల ఆకులు పసుపుబారతాయి. మట్టి తీయకుండా పైన పోస్తే? అదీ అంతే. 15 సెంటీమీటర్ల మట్టి పరిచినా కొన్ని జాతులకు వేళ్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. దీనిలోని మోసం ఏంటంటే దెబ్బ ఆ ఏడు కనిపించదు. నిల్వల మీద చెట్టు నెట్టుకొస్తుంది, మూడేళ్లకో ఐదేళ్లకో చిటారు కొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి పలకల సంగతి ఎవరికీ గుర్తుండదు. "తెగులు పట్టింది" అని మందులు కొడుతుంటారు.

నడక దారి తప్పదంటే, మట్టి తవ్వకుండా నేల మీదే నీరు దిగనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద పొడి లేని కంకర, పైన మధ్యలో సందులుంచిన పలకలు వేయించండి. సందులు సిమెంటుతో పూడ్చొద్దు. దారి వెడల్పు మీటరు చాలు. మాను చుట్టూ కనీసం 2 నుంచి 3 మీటర్లు ఏమీ వేయకుండా వదలాలి. పని జరిగే రోజుల్లో ఇసుక గుట్టలూ సిమెంటు బస్తాలూ చెట్టు కింద దింపకుండా, వాహనాలు ఎక్కకుండా ముందే కంచె కట్టించాలి. నీడ ఉందని మేస్త్రీలు సామాను అక్కడే పెడతారు, కలిపిన సిమెంటు నీళ్లు అక్కడే పారబోస్తారు.

పైపుల కోసం కందకం తవ్వాల్సివస్తే మాను వ్యాసానికి 3 రెట్ల దూరం లోపల, అంటే మీ చెట్టుకు రెండు మీటర్ల లోపల, ఏ కారణానికీ లావు వేళ్లు కోయొద్దు. చెట్టును నిలబెట్టే వేళ్లు అవే. అంతకు అవతలైనా ఒకే వైపు కోసుకుంటూ పోకుండా, వేళ్ల కింద నుంచి 60 సెంటీమీటర్ల లోతు దిగువన సొరంగంలా పైపు దూర్చవచ్చు. కోయక తప్పని వేరును రంపంతో నున్నగా కోయాలి. జేసీబీ పన్ను తగిలితే వేరు తెగదు, మాను దాకా చీలుతుంది.

ఈ ఖర్చులో సగం పెట్టదగ్గ పని

మాను నేలను తాకేచోట చూడండి. వేళ్లు విచ్చుకుంటూ వెడల్పుగా దిగాలి. స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిందంటే ఎప్పుడో మట్టి పోసి కప్పారన్నమాట. బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది, మాను చుట్టూ తిరిగిన వేళ్లు గొంతు బిగిస్తాయి. చిన్న చేతి పారతో, కుంచెతో మట్టి తీసుకుంటూ మొదటి పెద్ద వేళ్లు కనిపించేదాకా తెరవండి. గడ్డపార వాడొద్దు. నిపుణులైతే గాలి పీడనంతో మట్టి ఊదే ఎయిర్‌స్పేడ్ తెస్తారు, వేరు చెక్కుకోకుండా పని అవుతుంది. వేలంత లావున్న చుట్టువేళ్లను ఉలితో తీసేయవచ్చు, చేయంత లావున్నవాటిని చూడకుండా కోయొద్దు. మీ పుట్టగొడుగు కథలో సగం ఈ తవ్వకంలోనే తేలవచ్చు.

తర్వాత మానుకు 15 సెంటీమీటర్లు వదిలి, కొమ్మల నీడ అంచు దాకా వీలైనంత మేర ముతక కొయ్య ముక్కలు, ఎండుటాకులు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. మాను చుట్టూ గుట్టలా పోయొద్దు. ఆ పొర కింద మట్టి చల్లగా ఉంటుంది, వానపాములు వస్తాయి, ఏటేటా గుల్లబారుతుంది. గడ్డి కోసే యంత్రాలూ తీగ ట్రిమ్మర్లూ మొదలు దాకా రావు, అదింకో లాభం. ట్రిమ్మర్ తీగ వారం వారం ఒకే చోట బెరడును కొడితే మాను చుట్టూ గీత పడుతుంది. పచ్చికకు చల్లే కలుపుమందుల విషయం కూడా చూసుకోండి. వెడల్పాటి ఆకుల కలుపును చంపే డైకాంబా లాంటివి మట్టిలో దిగి చెట్టు వేళ్లకూ అందుతాయి.

నీళ్లు ఎండాకాలంలో తప్ప అక్కర్లేదు. ఇచ్చేటప్పుడు మాను మొదట్లో కాదు, నీడ అంచు దగ్గర, మెల్లగా. వ్యాసంలో ప్రతి 2.5 సెంటీమీటర్లకు 40 లీటర్లు అనుకుంటే మీ చెట్టుకు ఒక తడికి సుమారు 1000 లీటర్లు. కరువు రోజుల్లో రెండు మూడు వారాలకోసారి చాలు. మర్నాడు పొడుగు స్క్రూడ్రైవరో చువ్వో గుచ్చి 30 సెంటీమీటర్ల దాకా సులువుగా దిగుతోందా చూడండి. రోజూ పైపైన తడపడం కన్నా అసలు పెట్టకపోవడమే నయం.

ఎరువు మట్టి పరీక్ష లేకుండా వేయొద్దు. నత్రజని కొత్త ఆకును తోస్తుంది, ఆ ఆకును పోషించే వేళ్లు దెబ్బతిని ఉంటే భారం పెరుగుతుంది, మెత్తటి చిగురుకు పురుగు పడుతుంది.

గోడ, పైపులు, మనుషులు

వేళ్లు గట్టి పైపును పగలగొట్టవు. కారుతున్న అతుకును వెతుక్కుంటూ వచ్చి అందులో దూరతాయి. పైపు మార్పించడమే మందు. పునాది పగుళ్లకు చెట్టును అనుమానించేముందు మట్టి ఏమిటో చూడాలి. తడికి ఉబ్బి ఎండకు ముడుచుకునే బంకమట్టి అయితే చెట్టు నీరు లాగడం వల్ల పునాది కుంగవచ్చు. అదే నేలలో పెద్ద చెట్టును ఒక్కసారి తీసేస్తే మట్టి మళ్లీ నీరు పీల్చి ఉబ్బి, ఇంటిని పైకి తోయనూవచ్చు. కాబట్టి అలాంటి చోట చెట్టు తీసే నిర్ణయం ఇంజినీరును అడగకుండా తీసుకోకండి.

పనికి పిలిచేవాళ్లను మూడు సంగతులు అడగండి: బోదె ఎక్కేటప్పుడు కాళ్లకు ముళ్ల కొక్కేలు కడతారా, ఎంత శాతం ఆకు తీస్తారు, బీమా ఉందా. ఉంచుకునే చెట్టు మీద కొక్కేలతో ఎక్కితే ప్రతి అడుగూ ఒక గాయం, అవి కొట్టేసే చెట్టుకే. "శుభ్రంగా తీసేస్తాం" అన్న మాట ఒప్పందం కాదు. ఏ కొమ్మ, ఎంత లావు దాకా, ఎక్కడ దాకా కోస్తారో కాగితం మీద రాయించుకోండి. కరెంటు తీగకు 3 మీటర్ల లోపు కొమ్మ ఉంటే విద్యుత్ సంస్థ వాళ్లే తీగ ఆపి చేయాలి. చాలాచోట్ల పెద్ద చెట్టు కోయడానికి, ఎక్కువగా కత్తిరించడానికి కూడా అనుమతి కావాలి, ముందే కనుక్కోండి.

ఇక తీసేయాల్సిన సందర్భం. మొదలు చుట్టుకొలతలో సగం మేర డొల్ల మోగి, వేళ్ల మడతల్లో చువ్వ సులువుగా దిగి, పడే వైపు ఇల్లో దారో ఉండి దాన్ని మార్చలేకపోతే తీయించేయండి, కేబుళ్లతో కాలం వెళ్లదీయొద్దు. పుచ్చు ఒక వైపే ఉండి గోడ మిగిలితే బోదెల కొసలు పదో వంతు తగ్గించి, ఏడాదికి రెండుసార్లు, ఒకసారి ఆకు నిండుగా ఉన్నప్పుడు, ఒకసారి పెద్ద గాలివాన తర్వాత, సుత్తితో అవే సుద్ద గుర్తుల మీద మళ్లీ కొట్టి చూస్తూ ఉంచుకోవచ్చు. గుర్తుల ఫొటోలు దాచండి, డొల్ల పెరుగుతోందా ఆగిందా అన్నది పోల్చి చూస్తేనే తెలిసేది. సుత్తి పరీక్షలో ఏం తేలిందో, పంగ దగ్గరి ఫొటో ఒకటి, చెట్టు జాతి పేరు రాస్తే కేబుల్ అవసరమా కాదా అన్నది ఇంకాస్త కచ్చితంగా చెప్పవచ్చు.